మూడు పేటల తాడు

మా అత్తవారిది తాళ్ళ ఇల్లు. రాజోలు దగ్గర పల్లెటూరు. పెరట్లో రేకుల షెడ్డు, అందులో కొబ్బరి పీచుతో తాడు పేనే మోటారు, పక్కనే మనిషెత్తున కొబ్బరి డొక్కల గుట్ట. కాపురానికి వచ్చిన కొత్తలోనే నాకు తెలిసిపోయింది, ఈ ఇంట్లో మనుషుల్ని కూడా తాడుని చూసినట్టే చూస్తారని. మాట మీద నిలబడనివాడు మా మావయ్యగారి లెక్కలో పురి లేని మనిషి. ఎక్కువ మాట్లాడేవాడు పురి ఎక్కువైన మనిషి. పెళ్ళిచూపుల్లో నన్ను చూసి ఆయన మా నాన్నతో, అమ్మాయి పురి సరిపోయిందండీ అన్నారట. మా నాన్న అది పొగడ్తో కాదో తెలియక రెండు రోజులు భోజనం సరిగా చెయ్యలేదు.

మావయ్యగారు చాలా మర్యాదస్తులు. షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళని తిట్టాల్సి వచ్చినా అండీ తగిలించే తిడతారు. ఒక్క విషయంలో మాత్రం ఆయనకి దయాదాక్షిణ్యాలు లేవు. పేనిన తాడుని గుప్పిట్లో పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకి లాగుతారు. ఎక్కడైనా పీచు ముద్దకట్టి వేలికి తగిలిందా, అక్కడ ఆగిపోతారు. "తాడులో ఉండ వచ్చిందంటే పేనిన చెయ్యి ఎక్కడో ఆగిందన్నమాటేనండీ," అంటారు. మోటారు ఆగిందని, కరెంటు పోయిందని, పీచు తడిగా ఉందని ఎవరేం చెప్పినా ఒప్పుకోరు. తప్పు చెయ్యిదే. ఈ మాట నేను ఆ ఇంట్లో కాకి అరుపు విన్నన్నిసార్లు విన్నాను.

మా ఆయన మస్కట్‌లో ఏసీలు బాగుచేసే పనిలో ఉన్నారు. సెలవు మీద వచ్చి వెళ్ళారు, వెళ్ళిన నెల తిరక్కుండా నాకు వాంతులు మొదలయ్యాయి. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. అందుచేత ఇంట్లో అందరూ, ఈ వ్యవహారమంతా అమ్మాయికి తెలుసులే అనుకున్నారు. పుస్తకంలో బొడ్డుతాడు గురించి ఉన్నది రెండు వాక్యాలు. ఆ రెండూ పిల్లలు నవ్వుతారని గబగబా చదివేసి ముందుకి వెళ్ళిపోయే పాఠం అది.

అయిదో నెల స్కానింగుకి అమలాపురం వెళ్ళాం. మేమంటే నేను, మావయ్యగారు, అత్తయ్యగారు, పులిహోర క్యారియరు. స్కాన్ తీసే డాక్టరమ్మ మా స్కూలు సంగతులు అడుగుతూ సరదాగా తీస్తోంది. ఉన్నట్టుండి స్కూలు సంగతులు ఆపేసింది. చేతిలో ఉన్నదాన్ని పొట్ట మీద ఒకేచోట అటూ ఇటూ తిప్పి, తెరని దగ్గరగా చూసి, "ఏం కంగారు లేదండి," అంది. మా వైపు డాక్టరు కంగారు లేదని ఒకసారి అంటే లేనట్టే. ఈవిడ మూడుసార్లు అంది.

బయటికి పిలిచి చెప్పింది. బిడ్డ బాగానే ఉంది. బొడ్డుతాడు మీద, మాయ వైపు కొసన ఒక గడ్డలాంటిది కనిపిస్తోంది. ఇలాంటివి చాలా అరుదు, తను ఇంతవరకూ చూడలేదు, కాకినాడలో కడుపులో బిడ్డలకే వైద్యం చేసే పెద్ద డాక్టరున్నారు, ఆయనకి చూపించండి అంది. అత్తయ్యగారు వెంటనే ఎవరి దిష్టి అయ్యుంటుందా అని ఊళ్ళో ఆడవాళ్ళనందరినీ వరసగా తలుచుకోవడం మొదలుపెట్టారు. మావయ్యగారు మాత్రం ఒక్క మాటే అన్నారు.

"తాడు మీద ఉండా?"

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇంటికి వచ్చేదాకా కారు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఎక్కడ ఆగింది నా చెయ్యి? స్కూటీ మీద గోతుల రోడ్డున స్కూలుకి వెళ్ళాను, అదా? మూడో నెలలో అటక మీది డబ్బా దింపాను, అదా? పిల్లలకి పాఠం చెప్పేదాన్ని కదా, ఇవేవీ కారణం కావని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఏడుపు ఆగలేదు. ఫోన్లో వెతికాను. ఫోన్లో వెతికితే జలుబుకి కూడా ప్రాణం పోతుందని ఉంటుంది, ఇక దీని సంగతి చెప్పేదేముంది. రాత్రి మా ఆయన ఫోన్ చేస్తే, నువ్వు టీచరువి కదా, నువ్వే ధైర్యంగా ఉండాలి అన్నారు. ఫోన్ పెట్టేశాను.

కాకినాడ డాక్టరుగారు పెద్దాయన, నిదానస్తుడు. రంగులు కనబడే స్కాన్‌లో చాలాసేపు చూశారు. ముందు బిడ్డ పేగులేమైనా బొడ్డు దగ్గర బయటికి వచ్చాయేమోనని చూశారట, అది కాదు. ఒట్టి నీటి తిత్తి కూడా కాదు. రక్తనాళాలే ఒకచోట ముద్దకట్టి పెరిగిన గడ్డ అన్నారు. క్యాన్సరా అని అడిగాను. కాదన్నారు. "గడ్డ చెడ్డది కాదమ్మా. ఉన్న చోటే మంచిది కాదు," అన్నారు. పెరిగితే పక్కనున్న నాళాల్ని నొక్కుతుంది, అప్పుడు బిడ్డకి రక్తం సరిగా అందదు. లేదంటే గడ్డే రక్తం లాక్కుంటుంది, అప్పుడు బిడ్డ గుండెకి పని ఎక్కువై ఒంట్లో నీరు చేరుతుంది. బిడ్డ పోయే ప్రమాదం ఉందా అని అడిగాను. ఉందమ్మా, అందుకే తరచుగా చూస్తూ ఉండాలి అన్నారు ఆయన. ఆ జవాబులో కంగారు లేదండి అన్న మాట లేదు. దానికి నేను ఆయనకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

రెండు వారాలకోసారి స్కాన్. గడ్డ ఎంత పెరిగింది, బిడ్డ ఎంత పెరిగింది, రక్తం ఎలా పారుతోంది, గుండె ఎలా ఉంది అని చూడటం. ఏదైనా తేడా వస్తే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి నాకు ఇంజెక్షన్లిచ్చి, నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసి బిడ్డని తియ్యటం. ఇదే వైద్యం. అత్తయ్యగారికి ఇది బొత్తిగా నచ్చలేదు. ఇంత పెద్ద ఆసుపత్రి, ఇంత దూరం వచ్చాం, ఒక్క బిళ్ళ కూడా రాయలేదు. కనీసం ఒక సెలైనైనా ఎక్కించమని అడగమని మావయ్యగారిని మోచేత్తో పొడిచారు.

మావయ్యగారు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్క సంగతి అడగొచ్చా అండి అన్నారు. డాక్టరుగారు ఆయన మొహం చూసి, వెనక గోడ మీద ఉన్న బోర్డు చూపించారు. లోపల ఉన్నది ఆడో మగో చెప్పడం నేరమని అక్కడ పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

"అయ్యయ్యో, అది కాదండి," అన్నారు మావయ్యగారు. "ఆ తాడు ఎన్ని పేటలండి? ఎడమ పురా, కుడి పురా?"

డాక్టరుగారు చాలా మర్యాదగా జవాబిచ్చారు. రెండు ధమనులు, ఒక సిర, మొత్తం మూడు. ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరిగి ఉంటాయి. ఎక్కువమంది బిడ్డలకి ఎడమ వైపే మెలిక, మీ బిడ్డకీ ఎడమే. మావయ్యగారు ఆయ్ ఆయ్ అంటూ తల ఊపారు. గడ్డ మాట విన్నప్పటి నుంచి ఆయన మొహంలో కొంచెం వెలుగు కనబడింది అప్పుడే. యానాం వంతెన దాటుతుండగా వెనక్కి తిరిగి నాతో, మనం పేనేది కుడి పురమ్మా, అన్నారు చాలా ఆలోచించి.

ఆ ఆలోచన ఎక్కడికి పోతుందో నాకు వారం తర్వాత తెలిసింది. అత్తయ్యగారు నా చేత రోజూ పొద్దున్నే తులసికోట చుట్టూ ప్రదక్షిణాలు చేయిస్తున్నారు. అప్పనపల్లి స్వామికి కూడా మొక్కారు గానీ, ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ తిప్పొద్దని డాక్టరు చెప్పడంతో ఆ ప్రదక్షిణాలు ఇక్కడే బాకీ తీరుస్తున్నాం. మావయ్యగారు షెడ్డు గుమ్మంలో నిలబడి రోజూ ఇది చూస్తున్నారు. ఒకరోజు మెల్లగా నా దగ్గరికి వచ్చి విషయం చెప్పారు. మనిషి రోజూ ఒకే వైపు తిరిగితే లోపల తాడుకి పురి ఎక్కుతుంది. పురి బిగిసిన చోటే ఉండ కడుతుంది. కాబట్టి పొద్దున్న ఎక్కిన పురిని సాయంత్రం దింపెయ్యాలి.

బిడ్డ నీళ్ళలో తేలుతూ తనంతట తనే తిరుగుతుందని, నేను ఎటు నడిస్తే దానికేంటని బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆయన బొమ్మంతా శ్రద్ధగా చూశారు. ఆయ్, నిజమేనమ్మా అన్నారు. మా వైపు ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదు, వినిపించినట్టు. మర్నాడు సాయంత్రం చెప్పులు తెచ్చి నా ముందు పెట్టి, వెళ్దామామ్మా అన్నారు.

కాదనలేకపోయాను. అలా పొద్దున్న తులసికోట చుట్టూ కుడి వైపు, సాయంత్రం డొక్కల గుట్ట చుట్టూ ఎడమ వైపు తిరిగాను. పొద్దున్న పుణ్యం ఎక్కేది, సాయంత్రం పురి దిగేది. మావయ్యగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, లోపలి వారు కదిలేరా అమ్మా అని అడిగేవారు. ఆడో మగో తెలియదు కదా, అందుకని మొదటి నుంచీ ఆయన బిడ్డని వారు అనే అనేవారు. లోపలి వారు భోంచేసేరా, లోపలి వారు పడుకున్నారా. పుట్టకముందే అంత గౌరవం పొందిన మనిషి మా మండలంలో ఇంకెవరూ ఉండరు.

అత్తయ్యగారు ఆ వేళకి రోజూ పక్కింటికి వెళ్ళేవారు. ఒకరోజు పక్కింట్లో సీరియల్ సమయానికి కరెంటు పోయి త్వరగా వచ్చేశారు. నన్ను చూశారు. నేను తిరుగుతున్న దిక్కు చూశారు. ఆవిడ గొంతు ఎప్పుడూ పెద్దది కాదు, ఆరోజు కూడా కాలేదు.

"అది చితి చుట్టూ తిరిగే తిరుగుడండీ. కడుపుతో ఉన్న పిల్ల చేత తిప్పుతారా?"

మావయ్యగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పురి సంగతి ఏదో చెప్పబోయారు. ఆవిడ వినలేదు. పొద్దున్న తిరుగుడే మంచిదని ఆవిడ, సాయంత్రం తిరుగుడే మంచిదని ఆయన, అండీ అండీ అనుకుంటూ దెబ్బలాడుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మధ్యాహ్నం నుంచీ బిడ్డ సరిగా కదల్లేదన్న భయం ఒకటి ఉంది. నోట్లో మాట ఆగలేదు.

"ఎటు తిరిగినా ఒకటేనండీ. తాడులో ఉండ వస్తే పేనిన చెయ్యిదే తప్పని మీరేగా అంటారు. ఈ తాడు పేనింది నేనే కదా."

మావయ్యగారు నా మొహం వంక చూడలేదు, తన చేతులు చూసుకున్నారు. నేను లోపలికి వెళ్ళి పడుకున్నాను. పడుకున్నాక లోపలి వారు ఒక తన్ను తన్నారు, ఇప్పటిదాకా ఎక్కడికి వెళ్ళారో అడగాలనిపించింది.

మర్నాడు పొద్దున్న నాకు ఆలస్యంగా మెలకువ వచ్చింది. ఎందుకా అని చూస్తే మోటారు చప్పుడు లేదు. షెడ్డుకి గొలుసు వేసి ఉంది. పనివాళ్ళకి కొన్నాళ్ళు ఆగుదామండీ అని చెప్పి పంపేశారట. బేరగాళ్ళు ఫోన్ చేస్తే మోటారు బాగోలేదండి అనేవారు. మా ఆయన కొనిచ్చిన కొత్త మోటారది, బంగారంలా పనిచేస్తోంది. ఆ తర్వాత మావయ్యగారు నాతో తాడు ఊసే ఎత్తలేదు. తాడు ఊసు లేకపోతే మాట్లాడటానికి ఆయనకి పెద్దగా ఏమీ మిగల్లేదు పాపం. వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళకి నమస్కారాలు పెడుతూ ఉండేవారు.

అత్తయ్యగారు దీన్ని చూసి, భర్త అంత త్యాగం చేస్తే తను వెనకబడకూడదనుకున్నారు. ఇంట్లో ముడి ఉంటే లోపలి తాడుకీ ముడి పడుతుందని, ఎక్కడా ముడి ఉండకూడదని తీర్మానించారు. పరదాల ముళ్ళు విప్పారు, బియ్యం బస్తా మూతి విప్పారు, గేదె పలుపు కూడా విప్పేశారు. గేదె మొదటి రోజు నమ్మలేదు. రెండో రోజు వెళ్ళి పక్కవాళ్ళ అరటి మొక్కలు నాలుగు తినేసి వచ్చింది. పక్కావిడ గోడ మీంచి, మీ గేదె గారు వచ్చి వెళ్ళేరండి అని మర్యాదగా చెప్పింది. అయినా అత్తయ్యగారు కట్టలేదు, రోజూ అరటి గెల ఒకటి పట్టుకెళ్ళి ఆవిడకిచ్చి వచ్చేవారు. ఆఖరికి అత్తయ్యగారు తన జుట్టు ముడి కూడా తీసేసి, అరవై దాటిన వయసులో జడ వేసుకున్నారు. గుడి దగ్గర ఎవరో, చిన్నపిల్లవైపోయేవేంటే అని వేళాకోళం చేస్తే ఆవిడ నిబ్బరంగా జవాబిచ్చారు. జడంటే మూడు పేటలే కానీ, ముడి లేదు కదా అని.

నేను నవ్వాను ఆరోజు. చాలా రోజుల తర్వాత నవ్వాను.

కాకినాడ ప్రయాణాలు సాగుతూనే ఉన్నాయి. గడ్డ కొంచెం పెరిగింది, బిడ్డా పెరిగింది, అది దీన్ని దాటకుండా ఇది దాన్ని దాటకుండా. ప్రతిసారీ స్కాన్ గదిలోంచి నేను బయటికి రాగానే ఇద్దరూ లేచి నిలబడేవారు. నేను తల ఊపితే కూర్చునేవారు. ఎనిమిదో నెల చివర్లో ఒకసారి నేను తల ఊపలేదు. రక్తం పారడం మందగించింది, బిడ్డ గుండె కొంచెం పెద్దదైంది. డాక్టరుగారు ఆరోజే చేర్చుకుని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఎల్లుండి పొద్దున్నే ఆపరేషన్ అన్నారు.

ఆ పొద్దున్న నాకు ఆకుపచ్చ గౌను తొడిగారు. నర్సమ్మ వెనక తాళ్ళు లాగి ముడి వేస్తోంది. గుమ్మం బయట నిలబడ్డ మావయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, ఆ ముడి కొంచెం వదులుగా వేస్తారా అండి," అన్నారు.

నర్సమ్మకి ఏమీ అర్థం కాలేదు గానీ మంచి పిల్ల, ముడి విప్పేసి ఊరికే మెలేసి వదిలింది. ఆపరేషన్ గదిలోకి నేను వీపు మీద గౌను జారిపోతూనే వెళ్ళాను. భయపడటానికి సరిగా తీరికే దొరకలేదు.

ఆడపిల్ల. చిన్నది, ఎర్రగా ఉంది, ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే నేను కూడా ఏడ్చాను, నాది దానికంటే పెద్దగా ఉందని డాక్టరమ్మలు నవ్వారు. పిల్లని అద్దాల పెట్టెలో కొన్నాళ్ళు ఉంచాలన్నారు. గుండె మెల్లగా సర్దుకుంటుందన్నారు, సర్దుకుంది కూడా. గడ్డని పరీక్షకి పంపారు. పెద్ద డాక్టరు మొదట చెప్పినదే, చెడ్డ గడ్డ కాదని వచ్చింది.

పంపేముందు జరిగిన సంగతి అత్తయ్యగారు నాకు తర్వాత చెప్పారు. మావయ్యగారు ఆ తాడు ఒక్కసారి చూడొచ్చా అండి అని అడిగారట. డాక్టరుగారు ఆయనకి చేతి తొడుగులిప్పించి, ట్రేలో పెట్టి చూపించారట. మావయ్యగారు అలవాటుగా ఈ కొస నుంచి వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళి, నిమ్మకాయంత ఉండ దగ్గర ఆగారట. చాలాసేపు ఆగి, దాటి ఆ కొసదాకా వెళ్ళి, దణ్ణం పెట్టి వచ్చేశారట.

పిల్ల ఇంటికి వచ్చింది. ఉయ్యాల్లో వెయ్యాలి. చీర ఉంది, దూలం ఉంది, దూలానికి కొక్కెం ఉంది. తాడు లేదు. పేనడం మానేసి అన్ని నెలలైంది, ఉన్న సరుకంతా ఎప్పుడో అమ్ముడైపోయింది. తాళ్ళ ఇంట్లో ఉయ్యాలకి తాడు లేదని ఊరంతా నవ్విపోతుంది, అంబాజీపేట నుంచి కొని తెప్పించండి అని అత్తయ్యగారు పోరు పెట్టారు. బజారు తాడు మీద తన మనవరాలు పడుకోదని మావయ్యగారు చెప్పి, షెడ్డు గొలుసు తీశారు. మోటారు వెయ్యలేదు. పీచు దులిపి, గుమ్మంలో కూర్చుని, అరచేతులతోనే పేనారు. రెండు రోజులు పేనారు. నేను పిల్లకి పాలిస్తూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆ చేతులు ఎక్కడా ఆగలేదు.

రెండో రోజు సాయంత్రం తాడు పట్టుకొచ్చి నా ఒళ్ళో పెట్టారు. చూడమ్మా అన్నారు. ఆ ఇంట్లో తాడు చూసే పని ఎప్పుడూ ఆయనదే, ఇంకెవరికీ ఇవ్వలేదు. నేను ఆయనలాగే గుప్పిట్లో పట్టుకుని లాగాను. సగం దాటాక వేలికి తగిలింది. చిన్న ఉండ, బఠాణీ గింజంత. నా వేలు అక్కడే ఆగింది.

"ఉంది కదమ్మా," అన్నారాయన. "ఉందని నాకూ తెలుసు. చెయ్యి ఆగలేదమ్మా. కళ్ళతో చూస్తూనే పేనేను. అయినా వచ్చింది."

నేను తలెత్తలేదు. ఎత్తితే ఏడుస్తానని తెలుసు, ఎత్తకుండానే ఏడ్చాను.

ఆయన నన్ను చూడనట్టే తాడు తీసుకుని, స్టూలెక్కి, కొక్కేనికి కట్టారు. గట్టిగా ముడి వేశారు, ఒకటి కాదు, మూడు. దిగి, రెండు చేతులతో తాడు పట్టుకుని కాళ్ళు నేల మీంచి ఎత్తి తన బరువంతా వేసి వేలాడారు. ఈ వయసులో కోతి వేషాలేంటండీ అని అత్తయ్యగారు లోపల్నుంచి వచ్చారు. ఆయన ఇంకొంచెంసేపు వేలాడి, దిగి, పంచె సర్దుకున్నారు.

"బరువుకి ఆగుతుందమ్మా," అన్నారు. "వారిని పడుకోబెట్టు."